కథోలిక పాఠశాలలో ఉమ్మడి నాయకత్వం: ఏ నిర్ణయం ఎవరిది?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీది ఒక మఠసభ (సిస్టర్ల సంస్థ) నడిపే కథోలిక పాఠశాల. కొత్తగా వచ్చిన ప్రిన్సిపల్ సిస్టర్ గారు "బడిని అందరం కలిసి నడిపిద్దాం" అని ఆరు కమిటీలు వేశారు. ఏడాది తిరిగేసరికి టీచర్లు "పని పెరిగింది, మా మాటకు విలువ మాత్రం పెరగలేదు" అంటున్నారు. ఆఫీసు వైపు నుంచి "అవకాశం ఇచ్చినా టీచర్లు బాధ్యత తీసుకోవడం లేదు" అన్న మాట వస్తోంది. కోఆర్డినేటర్‌గా మీరు మధ్యలో నలుగుతున్నారు. బిషప్ గారు, ప్రొవిన్షియల్ (ఆ ప్రాంతంలో మఠసభకు పెద్ద), ప్రిన్సిపల్ అని పైనుంచి కిందికి అధికారం నడిచే చోట ఉమ్మడి నాయకత్వం అసలు కుదిరే పనేనా అని అడిగారు.

కుదురుతుందండి. నేను పద్నాలుగేళ్లు టీచరుగా, ఐదేళ్లు వైస్ ప్రిన్సిపల్‌గా, తొమ్మిదేళ్లు ప్రిన్సిపల్‌గా మఠసభల బడుల్లోనే పనిచేశాను. నేను సిస్టర్‌ని కాదు, సంసారం ఉన్న మామూలు విశ్వాసిని. రెండు వైపులా కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను.

మీ బడిలో పంచింది పనిని. నిర్ణయాన్ని ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. ఒక్కో కమిటీ ఏ విషయంలో ఆఖరి మాట చెప్పవచ్చు, దానికి ఎంత డబ్బు ఉంది, పని చేయడానికి ఏ పీరియడ్లు ఖాళీ ఇచ్చారు, ఎక్కడికి వచ్చాక ఆగి ప్రిన్సిపల్‌ని అడగాలి. ఈ నాలుగూ రాసి ఇవ్వనంత వరకు ఆ కమిటీ ఆఫీసు పనిని స్టాఫ్‌రూమ్‌కు మోసుకొచ్చే దారి మాత్రమే అవుతుంది. టీచర్లు అలిసిపోవడం, ఆఫీసు నిరాశపడడం రెండూ అక్కడి నుంచే వస్తాయి. సిస్టర్ గారి మనసు మంచిదే కావచ్చు, టీచర్లూ బద్ధకస్తులు కాకపోవచ్చు. గీత గీయకపోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

శ్రీసభలో, అంటే కథోలిక చర్చిలో, దీనికి చోటుందా అన్న మీ సందేహం ముందు తీరాలి. అది మనసులో ఉన్నంత కాలం మీరు సిస్టర్ గారితో ధైర్యంగా మాట్లాడలేరు.

1965 అక్టోబరు 28న రెండవ వాటికన్ మహాసభ (ప్రపంచ కథోలిక బిషప్పుల సమావేశం) విద్య మీద ఇచ్చిన ప్రకటనలోనే, కథోలిక పాఠశాల తన లక్ష్యాలను అందుకోవడం దాదాపు పూర్తిగా టీచర్ల మీదే ఆధారపడి ఉందన్న మాట ఉంది. 1982లో వాటికన్ విద్యా విభాగం బడుల్లో పనిచేసే సామాన్య విశ్వాసుల (ఫాదర్లు, సిస్టర్లు కానివారి) గురించి ఒక పత్రం వెలువరించింది. బడి నడిపేవారూ అందులో పనిచేసే విశ్వాసులూ ఒకే ఆదర్శంతో బతకాలంటే రెండు తప్పనిసరి అని అది చెబుతుంది. మొదటిది, స్పష్టమైన ఒప్పందంతో కూడిన తగిన జీతం. రెండోది, బడి బాధ్యతలో నిజమైన భాగస్వామ్యం. ఈ రెండింటినీ ఒకే చోట, పక్కపక్కనే పెట్టారు. దీని సంగతి కింద మళ్లీ చెబుతాను. 2007లో వచ్చిన పత్రం పూర్తిగా ఈ విషయం మీదే ఉంది. వ్రతాలు తీసుకున్నవారు (సిస్టర్లు, బ్రదర్లు వంటివారు), సామాన్య విశ్వాసులు కలిసి చేయాల్సిన ఒకే ప్రేషిత కార్యంగా (శ్రీసభ అప్పగించిన పనిగా) అది కథోలిక విద్యను చూస్తుంది.

ఇంకా వెనక్కి వెళ్లినా ఇదే కనిపిస్తుంది. 1950లో టీచర్ల పాలక పునీతుడిగా (వారిని కాచే సెయింట్‌గా) ప్రకటించిన జాన్ బాప్టిస్ట్ డి లాసాల్ స్వయంగా గురువు, అంటే ఫాదర్. ఆయన మొదలుపెట్టిన సభలోని బ్రదర్లు మాత్రం గురుపట్టం లేని టీచర్లు. 1694 జూన్‌లో ఆయనా పన్నెండు మంది బ్రదర్లూ "అందరం కలిసి, ఒక సహవాసంగా" పేద పిల్లలకు ఉచిత బడులు నడుపుతామని వ్రతం చేశారు. మర్నాడే మీలో ఒకరిని పెద్దగా ఎన్నుకోండని ఆయన అడిగారు. వాళ్లు ఆయననే ఎన్నుకున్నారు. మళ్లీ ఓటు వేయమన్నారు, మళ్లీ ఆయన పేరే వచ్చింది. అప్పుడు, తన తర్వాత ఇంకే గురువునూ తమకు పెద్దగా ఒప్పుకోబోమని వాళ్ల చేత రాయించారు. 1717లో నిజంగానే ఒక బ్రదర్ ఆ బాధ్యత తీసుకున్నారు. బడిని క్లాసులో నిలబడేవారే నడపగలగాలని ఒక స్థాపకుడు అంత పట్టుగా కోరుకున్నారు. అందుకే ఉమ్మడి నాయకత్వం మేనేజ్‌మెంట్ కోర్సుల నుంచి అరువు తెచ్చుకున్నదని ఎవరన్నా నేను ఒప్పుకోను.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. ఎవరికి ఎంత?

నేను వాడే పద్ధతి చాలా సులువు. ఏ విషయం మీటింగ్‌కు వచ్చినా, చర్చ మొదలుకాక ముందే ప్రిన్సిపల్ మూడింట్లో ఒకటి చెప్పాలి. "ఇది నేను నిర్ణయించాను, మీకు తెలియజేస్తున్నాను." "ఇది నేను నిర్ణయిస్తాను, ముందు మీ సలహా కావాలి." "ఇది మీరు నిర్ణయించండి, నేను అమలు చేస్తాను." మూడూ న్యాయమైనవే. మొదటిదాన్ని మూడోదానిలా చూపించినప్పుడే నమ్మకం పోతుంది. యూనిఫాం రంగు ముందే ఖరారై, బట్ట కూడా ఆర్డర్ చేశాక "మీ అభిప్రాయం చెప్పండి" అని అడిగిన మీటింగ్‌లో నేను టీచరుగా కూర్చున్నాను. గంటన్నర మాట్లాడాం. వారం తర్వాత సంగతి తెలిసింది. యూనిఫాం నాకు పెద్ద విషయమేమీ కాదు. ఆ గంటన్నర మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

రెండో రకానికి, అంటే సలహా అడిగి తాను నిర్ణయించడానికి, మన సంప్రదాయంలో మంచి నమూనా ఉంది. ఆరో శతాబ్దంలో పునీత బెనెడిక్టు తన మఠ నియమావళి మూడో అధ్యాయంలో రాశారు. ముఖ్యమైన విషయం వచ్చినప్పుడల్లా మఠాధిపతి అందరినీ పిలవాలి, విషయమేమిటో తానే చెప్పాలి, అందరి మాటా విన్నాక తనలో ఆలోచించుకుని మేలనిపించింది చేయాలి. అందరినీ ఎందుకు పిలవాలంటే, దేవుడు తరచు చిన్నవాళ్లకే మంచి మార్గం తెలియజేస్తాడట. నిర్ణయం మఠాధిపతిదే, అయినా వినకుండా నిర్ణయించే వీలు లేదు. అధికారమూ వినడమూ ఒకదానికొకటి అడ్డు కాదని సిస్టర్ గారికి చెప్పాలంటే ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు. మా స్టాఫ్ మీటింగుల్లో ఈ అధ్యాయం ప్రకారమే చేసేవాళ్లం. సలహా అడిగే విషయాల్లో సర్వీసు తక్కువున్న టీచరు ముందు మాట్లాడాలి, సీనియర్లు తర్వాత, నేను ఆఖర్న. నేను ముందు మాట్లాడితే మిగతా గది అంతా తలూపడంతోనే సరిపోయేది.

మూడో రకం, అంటే టీచర్లే నిర్ణయించేవి, మీరు అనుకునేదానికన్నా చాలా ఎక్కువ ఉంటాయి. సబ్జెక్టు ఎలా చెప్పాలి, ఏ పుస్తకం అదనంగా వాడాలి, హోంవర్క్ ఎంత, యూనిట్ పరీక్షలు ఎలా, కొత్తగా చేరిన టీచరుకు ఎవరు తోడుండాలి, డిపార్ట్‌మెంట్ డబ్బు ఎలా ఖర్చుపెట్టాలి, సేవా కార్యక్రమం ఏది చేపట్టాలి, ఉదయం ప్రార్థన ఏ క్లాసు ఎలా నడపాలి, సబ్‌స్టిట్యూషన్ పీరియడ్లు ఎలా పంచుకోవాలి. చివరిది చాలా చిన్నదిగా కనిపిస్తుంది. స్టాఫ్‌రూమ్‌లో రోజూ చికాకు పుట్టించేది అదే. ఆ ఒక్కటీ టీచర్ల చేతికి ఇస్తే వాతావరణం ఎంత మారుతుందో నేను చూశాను.

1931లో 11వ పయస్ పోపు సామాజిక బోధనలో ఒక సూత్రం స్పష్టంగా చెప్పారు. కింది స్థాయిలో చక్కగా జరిగే పనిని పై స్థాయి లాక్కోవడం అన్యాయం. దేశాల గురించి, సంస్థల గురించి చెప్పిన ఆ మాట బడికీ అంతే వర్తిస్తుంది. మూడో తరగతి లెక్కల పరీక్ష ఏ రోజు పెట్టాలో ప్రిన్సిపల్ సంతకంతో సర్క్యులర్ రావాల్సిన పని లేదు.

పంచుకోకూడనివీ ఉన్నాయి. వీటిని దాచకుండా మొదటి రోజే చెప్పాలి. కథోలిక అన్న పేరు బడికి ఉండాలంటే శ్రీసభ అధికారుల సమ్మతి కావాలి. ఆ బడిలో బోధన కథోలిక సిద్ధాంతం మీద నిలబడాలి. 1983 నాటి శ్రీసభ చట్టంలో 803వ సూత్రం చెప్పేది ఇదే. సత్యోపదేశం (కథోలిక మత పాఠం) చెప్పే టీచర్లను నియమించే, ఆమోదించే, అవసరమైతే తొలగించే హక్కు 805వ సూత్రం ప్రకారం స్థానిక మేత్రాసన (బిషప్ గారి పరిధిలోని ప్రాంతం) అధికారిది. 806వ సూత్రం ప్రకారం మఠసభలు నడిపే బడులను కూడా పర్యవేక్షించే హక్కు బిషప్ గారికి ఉంది. ఇవి కమిటీలో ఓటింగుకు పెట్టే విషయాలు కావు. చట్టపరంగా సంతకం పెట్టే బాధ్యత, ఒక టీచరు మీద వచ్చిన ఫిర్యాదు, ఎవరి జీతం వివరాలు, ఇవి కూడా ప్రిన్సిపల్, యాజమాన్యం దగ్గరే ఉండాలి. తోటి టీచరు మీద విచారణ చేయమని టీచర్ల కమిటీకి అప్పగించిన ఒక బడి నాకు తెలుసు. ఆ స్టాఫ్‌రూమ్‌లో రెండు వర్గాలు ఏర్పడ్డాయి, ఏళ్ల తరబడి అతకలేదు.

పిల్లల భద్రత విషయం విడిగా చెప్పాలి. ఒక పిల్లకు హాని జరుగుతోందని ఏ టీచరుకు అనుమానం వచ్చినా, కమిటీ కూర్చునేదాకా ఆగకూడదు, డిపార్ట్‌మెంట్ హెడ్ అనుమతి అడగకూడదు, "బడి పేరు పోతుందేమో" అని ఆలోచించకూడదు. చట్టం ఎవరికి చెప్పమంటుందో వాళ్లకు ఆ రోజే చెప్పాలి. ఆరోపణ ప్రిన్సిపల్ మీదైనా, గురువు మీదైనా అంతే. బాధ్యతను పదిమందికి పంచితే ఎవరూ కదలని పరిస్థితి వస్తుంది. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చున్నందువల్ల శ్రీసభలో ఎంతమంది పిల్లలు బాధపడ్డారో మనకు తెలుసు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను.

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. మీ బడిలోనూ ఇలాంటిదేదో జరిగి ఉంటుందని నా అనుమానం.

వైస్ ప్రిన్సిపల్‌గా నా రెండో ఏడు. ఐదుగురు టీచర్లతో క్రమశిక్షణ కమిటీ వేశాం. తొమ్మిదో తరగతి పిల్లలు ముగ్గురు ఒక చిన్న క్లాసు బాబును వారాల తరబడి ఏడిపించారు. కమిటీ రెండు సాయంత్రాలు కూర్చుంది. పిల్లలతో, తల్లిదండ్రులతో విడివిడిగా మాట్లాడింది. ముగ్గురూ ఆ బాబుకు క్షమాపణ చెప్పాలి, నెల రోజులు కౌన్సెలర్‌ని కలవాలి, ఈసారి వార్షికోత్సవంలో స్టేజీ ఎక్కకూడదు అని తేల్చింది. మర్నాడు ఆ ముగ్గురిలో ఒకరి తండ్రి నాకు ఫోన్ చేశారు. బడి భవనానికి పెద్ద విరాళం ఇచ్చిన మనిషి. నేను స్టేజీ మాట తీసేశాను. కమిటీకి చెప్పను కూడా చెప్పలేదు. రిహార్సల్‌లో ఆ అబ్బాయిని చూసి వాళ్లకు తెలిసింది.

ఎవరూ నాతో గొడవ పెట్టుకోలేదు. తర్వాతి మీటింగ్ నుంచి నేను ఏం అడిగినా "మీ ఇష్టం మేడమ్" అన్నారు. అంతే. ఆ కమిటీ కాగితం మీద ఇంకో ఏడాదిన్నర ఉంది, మనిషన్నవాడు లేని ఇల్లులాగా. మీ బడిలో ఎక్కడ "మీ ఇష్టం" అన్న మాట ఎక్కువ వినబడుతోందో గమనించండి. అక్కడ ఎప్పుడో ఒక నిర్ణయాన్ని ఎవరో చెప్పకుండా తీసేసి ఉంటారు. దాన్ని వెతికి పట్టుకుని, పేరు పెట్టి, అందరి ముందు ఒప్పుకోవాలి. నేను ఆ పని చేయడానికి ఏడాదిన్నర పట్టింది. స్టాఫ్ మీటింగ్‌లో నిలబడి "ఆ రోజు నేను చేసింది తప్పు, ఆ బాబుకూ మీకూ అన్యాయం చేశాను" అన్నాను. ఒక సీనియర్ సర్ లేచి, "ఈ మాట కోసమే చూస్తున్నాం మేడమ్" అన్నారు. కొత్త కమిటీ మరుసటి నెలలో మొదలైంది.

దీనికి ఎదురు అనుభవం కూడా ఉంది. ప్రిన్సిపల్ అయ్యాక, ప్రైమరీ క్లాసుల పరీక్షల పద్ధతి ప్రైమరీ టీచర్ల నిర్ణయమని నేనే రాసి సంతకం పెట్టాను. వాళ్లు వారం వారం పెట్టే టెస్టులు ఎత్తేశారు. నాకు అస్సలు నచ్చలేదు. తల్లిదండ్రుల నుంచి ఫోన్లు వస్తాయని టెన్షన్. వచ్చాయి కూడా. అప్పుడు నేను అనుకుని పాటించింది ఒకటే. "టీచర్లు అలా చేశారండీ" అనకుండా "మా బడి ఇలా నిర్ణయించింది" అనడం. నిర్ణయం వాళ్లది, బయట నిలబడి దాన్ని మోయాల్సింది నేను. ఒక టర్మ్ గడిచాక మూడో తరగతిలో ఎక్కాలు బాగా వెనకబడ్డాయని వాళ్లకే తెలిసింది. రోజూ ఐదు నిమిషాలు నోటితో చెప్పించే పద్ధతి వాళ్లే తెచ్చుకున్నారు. వారం టెస్టులు మళ్లీ రాలేదు, వాటి అవసరమూ రాలేదు. మొదటి నెలలోనే నేను కలగజేసుకుని ఉంటే పాత టెస్టులు తిరిగి వచ్చేవి, టీచర్లు మళ్లీ "మీ ఇష్టం"కు వెళ్లిపోయేవారు.

పొరపాటు చేసే హక్కు లేకుండా నిర్ణయం ఇచ్చామనడం కుదరదు. పిల్లలకు హాని జరిగేది, చట్టానికి విరుద్ధమైనది, విశ్వాసానికి వ్యతిరేకమైనది అయితే ఆపండి. నాకు నచ్చలేదన్నది మాత్రం ఆపడానికి కారణం కాదు.

ఇక జీతం, సమయం. 1982 పత్రం జీతాన్నీ బాధ్యతలో భాగస్వామ్యాన్నీ కలిపి ఎందుకు చెప్పిందో మీ టీచర్ల మాటల్లోనే ఉంది. మన బడుల్లో "సేవ", "పిలుపు", "త్యాగం" అన్న మాటలు పవిత్రమైనవి. నేను వాటిని నమ్మే ఈ వృత్తిలో ఉన్నాను. కానీ అదే మాటలతో ఆదివారాలు, సాయంత్రాలు జీతం లేకుండా లాక్కోవడమూ చూశాను. వ్రతాలు తీసుకున్నవారికి మఠం ఇల్లు, భోజనం, ముసలితనంలో ఆసరా ఇస్తుంది. సామాన్య టీచరుకు ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, మంచాన పడ్డ అత్తగారు ఉంటారు. ఇద్దరి త్యాగాన్నీ ఒకే కొలతతో కొలిస్తే అన్యాయం. 1891లో 13వ లియో పోపు న్యాయమైన వేతనం గురించి రాసింది ఫ్యాక్టరీలకు మాత్రమే అనుకుంటే, మనం పిల్లలకు సత్యోపదేశంలో చెప్పేదానికీ చేసేదానికీ పొంతన ఉండదు.

అందుకే నేను పెట్టుకున్న నియమం, కొత్త బాధ్యత ఇస్తే పాతది ఒకటి తీయాలి. డిపార్ట్‌మెంట్ హెడ్‌కు వారానికి రెండు పీరియడ్లు తగ్గించాం. అది కుదరని చోట అలవెన్సు ఇచ్చాం. రెండూ కుదరని ఏడాది ఆ పదవినే వేయలేదు. ఆరు కమిటీలకు సమయం ఇవ్వలేకపోతే రెండే ఉంచండి. యాజమాన్యం "డబ్బు లేదు" అనవచ్చు, చాలా బడుల్లో అది నిజమే. డబ్బు లేనప్పుడు సమయం ఇవ్వాలి. రెండూ లేనప్పుడు అడగకూడదు.

మన బడులకు మాత్రమే ఉండే ఇబ్బందులు రెండు ఉన్నాయి, బయటివారు రాసే సలహాల్లో ఇవి కనిపించవు.

ఒకటి బదిలీ. సిస్టర్లు, ఫాదర్లు కొన్నేళ్లకోసారి మారుతుంటారు. కొత్తవారు వచ్చి, తెలియక, పాతవన్నీ తీసేస్తారు. నాలుగేళ్లు కష్టపడి కట్టుకున్న టీచర్ల కౌన్సిల్ ఒకటి, ఒక్క వేసవి సెలవుల్లో మాయమైంది. ఎవరూ పగబట్టి చేయలేదు. అదొకటి ఉందని కొత్త ప్రిన్సిపల్‌కి చెప్పిన కాగితం లేదు, అంతే. మీ ఏర్పాటు సిస్టర్ గారి మంచితనం మీద నిలబడి ఉంటే అది ఆవిడ సూట్‌కేసుతో పాటే వెళ్లిపోతుంది. ప్రొవిన్షియల్ కౌన్సిల్ ఆమోదంతో బడి నియమావళిలోకి ఎక్కించండి. కొత్త ప్రిన్సిపల్ వచ్చాక మొదటి ఏడాది దాన్ని మార్చకూడదని కూడా అందులోనే రాయించుకోండి. మేము అలా రాయించుకున్నాం, అది రెండు బదిలీలను తట్టుకుంది.

రెండోది విధేయతా వ్రతం. మీ ప్రిన్సిపల్ సిస్టర్ గారికి పైన ప్రొవిన్షియల్ ఉన్నారు. కొన్ని నిర్ణయాలు అక్కడి నుంచి వస్తాయి, ఆవిడ మార్చలేరు. టీచర్లకు ఇది తెలియక "సిస్టర్ మాట మార్చారు" అనుకుంటారు. ఆవిడ తన సభ గుట్టు బయటపెట్టకూడదని మౌనంగా ఉంటారు. అపార్థం పెరుగుతుంది. నేను పనిచేసిన ఒక సిస్టర్ గారు దీన్ని చాలా నిజాయితీగా దాటేవారు. "ఇది ప్రొవిన్స్ నుంచి వచ్చింది, మనం మార్చలేం. ఎలా అమలు చేయాలన్నది మాత్రం మన చేతుల్లో ఉంది, రండి" అనేవారు. రెండు వాక్యాలే. ఆవిడ మీద ఎవరికీ కోపం వచ్చేది కాదు.

అన్నిటికన్నా లోతైన విషయం ఇంకా మిగిలే ఉంది. బడి విశ్వాస జీవితం ఎవరిది? చాలా చోట్ల టీచర్లకు టైమ్‌టేబుల్ దాకా ఇస్తారు గానీ ప్రార్థన, ధ్యానాలు (రిట్రీట్లు), మఠసభ స్థాపకురాలి ఆశయం మాత్రం "సిస్టర్లు చూసుకుంటారు" అని వదిలేస్తారు. మా బడిలో నేను చేరినప్పుడు ఏడుగురు సిస్టర్లు ఉండేవారు. నేను ప్రిన్సిపల్ అయ్యేనాటికి ఇద్దరు, ఇద్దరూ పెద్దవయసు వాళ్లు. ఒక ఏడాది వార్షిక ధ్యానం ఎవరు నడపాలో తెలియక ఆగిపోయింది. అప్పుడు అర్థమైంది, మేం అన్నీ నేర్చుకున్నాం, దీపం వెలిగించడం తప్ప.

తర్వాత నెలకొక మధ్యాహ్నం కేటాయించాం. పిల్లల్ని త్వరగా పంపేసి, సిస్టర్లూ టీచర్లూ ఒకే వరుసలో కూర్చుని స్థాపకురాలి ఉత్తరాలు చదివేవాళ్లం. పాఠం చెప్పినట్టు కాదు. "ఈ ఉత్తరం చూస్తే మన బడిలో ఏ పిల్ల గుర్తొచ్చింది?" అన్న ఒక్క ప్రశ్న. రెండేళ్లకు ధ్యానాలు నడపగల టీచర్లు నలుగురు తయారయ్యారు. శిక్షణ లేకుండా విశ్వాస బాధ్యత అప్పగించకండి, అది ఆ టీచరును ఇబ్బంది పెడుతుంది, పిల్లలకూ మేలు చేయదు.

కథోలికులు కాని టీచర్ల మాటేమిటని మీరు అడగలేదు గానీ, కమిటీలు వేస్తే ఆ ప్రశ్న తప్పక వస్తుంది. 2022లో వాటికన్ ఇచ్చిన పత్రం ఒక మాట స్పష్టంగా చెప్పింది. ఇతర సంఘాల, మతాల వారు, ఏ మతమూ లేనివారు కూడా ఉద్యోగంలో చేరిన నాటి నుంచి బడి కథోలిక స్వభావాన్ని గుర్తించి గౌరవించాలి. ఆ గౌరవం ఉన్నప్పుడు వాళ్లను అంచున నిలబెట్టాల్సిన పని లేదు. సత్యోపదేశం, సంస్కారాలకు (జ్ఞానస్నానం, దివ్యసత్ప్రసాదం వంటివాటికి) పిల్లల్ని తయారుచేయడం కథోలికులు చూడాలి. మిగతా నాయకత్వం దాదాపు అంతా అందరిదీ. మా సేవా కార్యక్రమాన్ని ఎనిమిదేళ్లు నడిపిన మేడమ్ కథోలికురాలు కాదు. వృద్ధాశ్రమానికి పిల్లల్ని తీసుకెళ్లి, తిరిగి వచ్చాక వాళ్లతో మాట్లాడే పద్ధతి ఆవిడ దగ్గరే నేను నేర్చుకున్నాను. మీరు చూడాల్సింది ఒకటే, ఏ బాధ్యతకు విశ్వాసంలో పాలు పంచుకోవడం అవసరమో ముందే చెప్పండి. పదవి ఇచ్చాక "మీరు కథోలికులు కాదు కదా" అనడం మనిషిని బాధపెడుతుంది.

కొందరు టీచర్లు అసలు నాయకత్వమే వద్దంటారు. బలవంతపెట్టకండి. బాగా పాఠం చెప్పి, పిల్లల పేర్లన్నీ గుర్తుపెట్టుకుని, నాలుగు గంటలకు ఇంటికి వెళ్లే టీచరు బడికి తక్కువ చేయడం లేదు. అలాగే ఎప్పుడూ అదే ముగ్గురు నలుగురు ముందుండడం కూడా చూసుకోండి. పదవులకు రెండేళ్ల కాలపరిమితి పెడితే కొత్తవారికి దారి దొరుకుతుంది, పాతవారికి విశ్రాంతి దొరుకుతుంది.

మీరు కోఆర్డినేటర్ కాబట్టి ముందు చేయాల్సిన పని చెబుతాను. ఆరు కమిటీలకూ ఆరు కాగితాలు తీసుకోండి. ఒక్కోదాని మీద నాలుగు వరుసలు: ఆఖరి మాట దేనిలో, డబ్బు ఎంత, సమయం ఎప్పుడు, ఎక్కడ ఆగి అడగాలి. మీరే నింపకండి. సిస్టర్ గారితో ఒకసారి, ఆ కమిటీ టీచర్లతో ఒకసారి విడివిడిగా నింపించండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే తేడాలు ఎక్కడున్నాయో ఇద్దరికీ కళ్లకు కడతాయి. మీరు ఎవరి తరఫునా వాదించాల్సిన అవసరం ఉండదు. మొదటి వరుస ఖాళీగా మిగిలిన కమిటీలను ఈ ఏడాదికి మూసేయమని అడగండి. మిగిలిన వాటిలో ఒకటి, వీలైతే సబ్‌స్టిట్యూషన్ పీరియడ్ల పంపకంలాంటి చిన్నది, ఈ టర్మ్‌లోనే పూర్తిగా టీచర్లకు ఇప్పించండి. సిస్టర్ గారు సంతకం పెట్టాక ఆ కాగితాన్ని ఆఫీసు ఫైల్లో పెట్టకండి, స్టాఫ్‌రూమ్ గోడకు అంటించండి.